పలు పండుగలు, ఒకే సెలవు: కలిపి జరుపుకునే కుటుంబ వేడుక

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పలు పండుగలను, శుభకార్యాలను ఒకే వేడుకగా కలపవలసిన అవసరం ఎందుకు వస్తుందో వివరించగలుగుతారు.
• ఒక వేడుకలో కదల్చదగిన అంశాలను, కదల్చరాని అంశాలను వేరు చేయగలుగుతారు.
• ప్రతి కార్యంలో ఎవరి హక్కు, ఎవరి బాధ్యత ఏమిటో గుర్తించగలుగుతారు.
• మీ కుటుంబానికి సరిపడే ఉమ్మడి వేడుక ప్రణాళికను తయారుచేసుకోగలుగుతారు.

7.1 పరిచయం

వేములవాడ నుంచి కోరుట్ల వెళ్ళే దారిలో రుద్రంగి వస్తుంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలో ఉన్న ఈ ఊరు, 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమయింది. రుద్రంగితో పాటు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల నుంచి కొన్ని దశాబ్దాలుగా మగవారు దుబాయి, సౌదీ, ఖతర్, కువైట్, బహ్రెయిన్, ఒమన్ దేశాలకు పనికి వెళుతున్నారు. ఇంటి దగ్గర ఆడవారు బీడీలు చుడుతూ, పొలం పనులు చూసుకుంటూ, పిల్లలను, ముసలివాళ్ళను చూసుకుంటూ ఇల్లు నడుపుతున్నారు.

వెళ్ళినవారు ప్రతి పండుగకూ రాలేరు. చాలామంది రెండేళ్ళకొకసారి, నెలో నెలన్నరో సెలవు మీద వస్తారు. ఈలోగా రెండు బతుకమ్మలు, రెండు దసరాలు, రెండు సంక్రాంతులు గడిచిపోతాయి. చిన్నబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయవలసిన వయసు వస్తుంది. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయవలసిన ఏడు వస్తుంది. పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు పూర్తవుతుంది. ఇవన్నీ ఆయన వచ్చేదాకా ఆగుతాయి. అందువల్ల ఇక్కడి ఇళ్ళలో పంచాంగం కంటే ముందు టికెట్ తేదీ చూస్తారు. మిగిలిపోయిన కార్యాలన్నీ ఆ కొద్ది రోజుల్లోకి వచ్చి చేరతాయి.

పండుగను మనుషుల వీలుకోసం జరపడం మన పల్లెల్లోనే జరుగుతున్నదని అనుకోనక్కరలేదు. అమెరికాలోని తెలుగు సంఘాలు దసరా, దీపావళి రెండింటినీ కలిపి ఒక శనివారం హాలులో జరుపుకోవడం మామూలే. ప్రభుత్వాలు కూడా ఈ పని చేశాయి. అమెరికాలో 1968లో చేసిన చట్టం ప్రకారం 1971 నుంచి కొన్ని జాతీయ సెలవులను సోమవారాలకు మార్చారు. ఫిబ్రవరి 22న జరిగే వాషింగ్టన్ జన్మదినం ఆ నెల మూడో సోమవారానికి మారింది. జపాన్‌లో జనవరి 15న జరిగే యువజనుల పండుగ 2000 నుంచి ఆ నెల రెండో సోమవారానికి మారింది.

కాబట్టి వేడుకలను కలపవచ్చా, కలపకూడదా అన్నది ఇక్కడ చర్చ కాదు. జనం ఎలాగూ కలుపుతున్నారు. ఏది కలపవచ్చు, ఏది విడిగా ఉంచాలి, కలిపినప్పుడు ఎవరికి నష్టం జరుగుతుంది అనేవి ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్నలు.

7.2 క్యాలెండర్లు ఎందుకు కలవవు?

ఒక గల్ఫ్ కుటుంబం కనీసం మూడు క్యాలెండర్లతో బతుకుతుంది. సెలవు, టికెట్, వీసా ఇంగ్లీషు తేదీల ప్రకారం నడుస్తాయి. మన పండుగలు చాంద్రమానం ప్రకారం తిథులతో వస్తాయి. గల్ఫ్‌లో పెద్ద సెలవులు రంజాన్, బక్రీద్‌లకు, అంటే హిజ్రీ క్యాలెండర్ ప్రకారం వస్తాయి.

చాంద్రమాన సంవత్సరానికి దాదాపు 354 రోజులు. సూర్యుని లెక్కకు ఇది సుమారు 11 రోజులు తక్కువ. మన పంచాంగం ఈ తేడాను సరిచేయడానికి దాదాపు 32, 33 నెలలకొకసారి అధికమాసాన్ని చేర్చుతుంది. అందుకే ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలు దాటి పోదు. హిజ్రీ క్యాలెండర్‌లో ఈ సవరణ లేదు. అందువల్ల రంజాన్ ఏటా పది పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది.

ఈ క్యాలెండర్లు అప్పుడప్పుడు ఒకచోట కలుస్తాయి. 2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. అదే రోజు సౌదీలోను, దుబాయిలోను రంజాన్ పండుగ. కాబట్టి అక్కడ పనిచేసే చాలామందికి అడగకుండానే ఉగాదినాడు సెలవు దొరికింది. అదే ఏడాది దసరా అక్టోబరు 2న వచ్చింది. అది గాంధీ జయంతి. మద్యం దుకాణాలు మూసే రోజు. చాలా పట్టణాల్లో మాంసం దుకాణాలు కూడా తెరవని రోజు. తెలంగాణలో దసరా అంటే జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకోవడం, పాలపిట్టను చూడడంతో పాటు మాంసంతో దావత్ కూడా. ఆ ఏడు చాలా ఇళ్ళు దావత్‌ను ముందురోజుకో మరునాటికో మార్చుకున్నాయి. ఇక్కడ జమ్మి పూజ కదలలేదు, విందు కదిలింది. ఈ తేడాను గుర్తుంచుకోండి. మున్ముందు దీని అవసరం వస్తుంది.

7.3 మన ఆచారంలోనే ఉన్న కలయికలు

పండుగలను కలపడం ఈ కాలపు అలవాటని పెద్దలు కొందరు బాధపడుతుంటారు. కాని ఈ ప్రాంతపు ఆచారాల్లో పాత కలయికలు ఉన్నాయి. మూడింటిని చూద్దాం.

అ) ఒకే రోజు, వేర్వేరు పూటలు: భాద్రపద అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. ఆనాడు ఉదయం చనిపోయిన పెద్దలను తలచుకొని వారి పేరున బియ్యం, కూరగాయలు ఇస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. దుఃఖానికి ఒక పూట, ఆటపాటలకు ఒక పూట. రెండూ ఒకే రోజులో ఉన్నా ఒకదానిలో ఒకటి కలిసిపోవు.

ఆ) ఒకే ప్రయాణం, వేర్వేరు రోజులు: వేములవాడ రాజన్న దగ్గరికి సోమవారం వెళ్ళి కోడె మొక్కు చెల్లించుకున్న కుటుంబాలు మంగళవారం బద్ది పోచమ్మకు బోనం చేస్తాయి. రాజన్న దగ్గర శాకాహారం, పోచమ్మ దగ్గర కోడి, యాట. ప్రయాణం ఒకటే, బండి కిరాయి ఒకటే. పొయ్యి మాత్రం రోజుకొక తీరు.

ఇ) ఒకే పండుగ, ఊరినిబట్టి వేర్వేరు రోజులు: సద్దుల బతుకమ్మను సాధారణంగా ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు చేస్తారు. వేములవాడలోను, చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలోను ఏడో రోజునే సద్దులు చేసే ఆచారం ఉంది. ఆడబిడ్డలు ఒకచోట అత్తగారింట్లో, మరోచోట తల్లిగారింట్లో రెండు బతుకమ్మలూ ఆడుకోవడానికి ఇది వీలు కల్పించిందని ఇక్కడివారు చెప్పుకుంటారు.

మూడు ఉదాహరణల్లోనూ ఒక సూత్రం కనిపిస్తుంది. కార్యాలను పక్కపక్కన పెట్టారు గాని, ఒకదాని మీద ఒకటి పేర్చలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ఉగాది ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఎందుకు వస్తుంది?
2. పెత్రమాసనాటి రెండు ఆచారాలు ఏవి? అవి ఏ పూటల్లో జరుగుతాయి?

7.4 నాలుగు రకాల కట్టుబాట్లు

వేడుకలను కలపడానికి ముందు ప్రతి కార్యం దేనికి కట్టుబడి ఉందో చూడాలి. సౌలభ్యం కోసం వీటిని నాలుగు రకాలుగా విభజించుకోవచ్చు.

తిథికి కట్టుబడినవి: పెత్రమాస, బతుకమ్మ, దసరా జమ్మి పూజ, దీపావళి. ఇవి ఊరంతా కలిసి చేసేవి. మీ ఇంటికోసం ఊరు బతుకమ్మను వాయిదా వేయదు. కాబట్టి వీటిని కదల్చకుండా, వీటి చుట్టూ మిగతావాటిని అమర్చుకోవాలి.

ముహూర్తానికి కట్టుబడినవి: పెళ్ళి, గృహప్రవేశం వంటివి. మూఢాలు, శూన్యమాసాలు లేకుండా చూస్తారు. ఒకే సెలవులో రెండు మూడు ముహూర్తాలు దొరకవచ్చు కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది. విజయదశమిని వేరే ముహూర్తం చూడనక్కరలేని రోజుగా చాలామంది భావిస్తారు.

మొక్కుకు, వయసుకు కట్టుబడినవి: పుట్టువెంట్రుకలు, కోడె మొక్కు, ఒడిబియ్యం. పుట్టువెంట్రుకలను ఏడాదిలోపు, లేదా మూడో ఏట, అయిదో ఏట తీస్తారు. ఒడిబియ్యానికి కూడా బేసి సంవత్సరం చూస్తారు. వీటికి ఏడు ముఖ్యం. ఆ ఏడులో తగిన వారం దొరికితే చాలు.

మనుషులకు కట్టుబడినవి: విందు, బట్టలు పెట్టడం, పుట్టినరోజు, ధోతుల ఫంక్షన్ వంటివి. పత్రికల్లో 'నూతన వస్త్రాలంకరణ' అని వేసేది దీన్నే. రావలసినవారు వచ్చిన రోజే వీటికి మంచిరోజు. కలపడానికి అన్నిటికంటే అనువైనవి ఇవే.

ఈ విభజన తెలిస్తే సగం చిక్కులు తీరిపోతాయి. మిగతా సగం తేదీలతో తీరదు. దానికి మరో ప్రశ్న వేసుకోవాలి.

7.5 ఈ రోజు ఎవరిది?

ప్రతి కార్యానికి ఒక హక్కుదారు ఉంటారు. ఆనాడు పీట మీద కూర్చునేది, పేరు పెట్టి పిలిపించుకునేది ఆ మనిషే.

ఒడిబియ్యం ఆడబిడ్డ రోజు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పసుపుకొమ్ములు, వక్కలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ ఆమె ఒడిలో పోస్తారు. చీర పెడతారు. ఆ బియ్యాన్ని ఆమె అత్తవారింటికి తీసుకువెళ్ళి వండి తనవారికి పెడుతుంది. తల్లిగారింట్లో తనకు ఇంకా చోటు ఉందని నలుగురి ముందు తెలిపే కార్యం అది. పుట్టువెంట్రుకలు మేనమామ రోజు. బిడ్డను ఆయన ఒడిలో కూర్చోబెడతారు, ఆయన బట్టలు తెస్తాడు. గృహప్రవేశంలో ఇంటి ఇల్లాలి పుట్టింటివారు బట్టలు పెడతారు, ఆడబిడ్డలు ముందుండి పాలు పొంగిస్తారు. సద్దుల బతుకమ్మ ఇంటి ఆడవాళ్ళందరిదీ.

ఈ నాలుగింటినీ ఒకేనాడు, ఒకే టెంటు కింద, ఒకే విందుతో ముగిస్తే ఏం జరుగుతుందో ఊహించండి. మేనమామ కనిపిస్తాడు. ఇల్లు కనిపిస్తుంది. ఆడబిడ్డ ఒడిబియ్యం హడావుడిలో పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంటి ఇల్లాలు వంటల దగ్గర, వడ్డన దగ్గర ఉండిపోయి ఆ ఏడు బతుకమ్మ ఆడదు.

ఈ తప్పు చదువుకున్న ఇళ్ళలోనూ జరుగుతుంది. మా ఇంట్లో బిడ్డ తొట్టెల, గృహప్రవేశం ఒకేనాడు పెట్టుకున్నాం. ఖర్చు తగ్గిందని, చుట్టాలకు శ్రమ తప్పిందని నేను సంతోషించాను. పాలు పొంగించే వేళకు మా అక్క తొట్టెల దగ్గర పూలు కడుతున్నది. ఆమెను పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు. చాలా ఏళ్ళ తరువాత ఏదో మాటల్లో, "మీ ఇంట్ల పాలు పొంగినయట గదా తమ్మీ, నేను సూడలె" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను.

మరొక విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఒడిబియ్యం, పసుపుకుంకుమలు ముత్తయిదువలకే అని చాలా కుటుంబాలు పాటిస్తాయి. గల్ఫ్‌లో భర్తను పోగొట్టుకున్న యువతులు ఉన్న ఇళ్ళు ఈ పల్లెల్లో ఉన్నాయి. ఒడిబియ్యాన్ని, విందును, మిగతా కార్యాలను ఒకే గంటలో కలిపేస్తే అటువంటి ఆడబిడ్డకు వేడుక మొత్తం మూసుకుపోతుంది. ఆమె వెనుక గదిలో ఉండిపోతుంది. వేళలు విడిగా ఉంటే ఆమె మిగతా అన్నిటిలో కూర్చోగలుగుతుంది. అక్కాచెల్లెళ్ళకు పెట్టే చీర ఆమెకూ అదే రోజు, అందరి ముందూ పెట్టండి. ఆచారాన్ని మార్చుకోవడానికి మీ కుటుంబం సిద్ధంగా ఉంటే ఇంకా మంచిది. సిద్ధంగా లేకపోయినా, వేళలు వేరుచేయడం మీ చేతిలోని పనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. మనుషులకు కట్టుబడిన కార్యాలు అంటే ఏమిటి? రెండు ఉదాహరణలు ఇవ్వండి.
2. ఒడిబియ్యంలో హక్కుదారు ఎవరు? ఎందుకు?

7.6 ఒక నమూనా ప్రణాళిక

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటి పెద్దకొడుకు సౌదీ నుంచి 2025 సెప్టెంబరు మధ్యలో నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. చేయవలసినవి: కొత్తింట్లో పాలు పొంగించడం, సత్యనారాయణ వ్రతం, చిన్నబిడ్డ పుట్టువెంట్రుకలు, చెల్లెలికి ఒడిబియ్యం, చుట్టాలకు దావత్.

ఆ సంవత్సరపు తిథులు ముందు రాసుకుందాం. పెత్రమాస సెప్టెంబరు 21, ఆదివారం. అష్టమినాటి సద్దులు సెప్టెంబరు 30, మంగళవారం. దసరా అక్టోబరు 2, గురువారం. దీపావళి అక్టోబరు 20, సోమవారం.

మొదట తట్టే ఆలోచన అన్నీ దసరానాడే పెట్టుకోవడం. అందులో వ్రతానికి, మాంసానికి పొత్తు కుదరదు. పైగా అది గాంధీ జయంతి. దానికి బదులు ఇలా అమర్చవచ్చు:

• సద్దులనాడు మరే కార్యమూ పెట్టవద్దు. ఆ సాయంత్రం ఇంటి ఆడవారికి వంట పని ఉండకూడదు.
• దసరా ఉదయం దగ్గరివారితో కొత్తింట్లో పాలు పొంగించి, వ్రతం చేసి, శాకాహార భోజనం పెట్టాలి. మాంసం దొరకని రోజు వ్రతానికి అనుకూలమే. సాయంత్రం ఊరితో పాటు జమ్మికి వెళ్ళాలి.
• అక్టోబరు 5, ఆదివారం ఉదయం ఒడిబియ్యం. అది పూర్తయి, ఆడబిడ్డ పీట మీది నుంచి లేచిన తరువాతే మధ్యాహ్నం బగారా, మటన్‌తో దావత్. పిల్లలకు బడి ఉండదు, ఉద్యోగస్తులకు వీలు.
• దావత్‌కు వచ్చిన మేనమామ ఆ రాత్రి ఆగితే, అక్టోబరు 6, సోమవారం వేములవాడలో పుట్టువెంట్రుకలు, కోడె మొక్కు. మరునాడు పోచమ్మ బోనం. ఆయనకు రెండుసార్లు రావలసిన పని తప్పింది.

లెక్కచూస్తే కార్యాలు తగ్గలేదు. చుట్టాల ప్రయాణాలు, టెంట్లు, పెద్ద విందులు ఒక్కటికి తగ్గాయి. దీపావళి ఏ పనీ లేకుండా మిగిలింది. రెండేళ్ళ తరువాత వచ్చిన తండ్రి పిల్లలతో ఇంట్లో కూర్చునే రోజు అది. ప్రణాళికలో అటువంటి ఖాళీ రోజు ఒకటైనా ఉండాలి.

ఈ తేదీలు ఆ ఏటికే చెల్లుతాయి. ముహూర్తం మీ పురోహితుణ్ణి, సద్దుల రోజు మీ ఊరి పెద్దలను అడిగి, దేవస్థానంలో మొక్కుల ఏర్పాట్లు ముందే తెలుసుకొని మీ పట్టిక వేసుకోండి.

7.7 పిలుపు, కట్నాలు, ఖర్చు

పిలుపు: బొట్టు పెట్టి పిలిచేటప్పుడు ఏయే కార్యాలున్నాయో, ఏది ఏ వేళకో విడివిడిగా చెప్పాలి. పత్రికలోనూ అలాగే వేయాలి. ఇల్లు చూడడానికని వచ్చిన చుట్టానికి అక్కడ ఒడిబియ్యం కూడా ఉందని అప్పుడు తెలిస్తే, చేతిలో రవిక గుడ్డ లేక చిన్నబోతాడు. ఆ ఏడు చావు జరిగిన ఇల్లు పండుగ చేసుకోకపోవచ్చు. వారిని మరచిపోకుండా ముందుగా వెళ్ళి మాట్లాడి, ఏ భాగానికి రాగలరో అడగండి.

కట్నాలు: మన ఫంక్షన్లలో చదివించిన కట్నాలను పుస్తకంలో రాసుకుంటాం. వారింట్లో కార్యం జరిగినప్పుడు అంతకు తగ్గకుండా పెడతాం. మూడు కార్యాలు కలిపితే చుట్టాలు ఒకేసారి చదివిస్తారు. మీరు మాత్రం గతంలో వారికి మూడుసార్లు పెట్టి ఉండవచ్చు. దీన్ని నష్టంగా లెక్కవేస్తే మనస్పర్థలు వస్తాయి. పుస్తకంలో 'మూడు కార్యాలు కలిపి' అని రాసుకుంటే తరువాతి తరానికి ఆ లెక్క అర్థమవుతుంది. ఆడబిడ్డకు మాత్రం ఈ సూత్రం వర్తించదు. ఆమె ఒడిబియ్యం చీర వేరు, గృహప్రవేశం చీర వేరు. రెండింటినీ కలిపి ఒకటే పెట్టి పొదుపు అనుకోవద్దు.

ఖర్చు: కలపడం వల్ల మిగిలిన డబ్బు విందును పెద్దది చేయడానికే పోతుంటుంది. రెండేళ్ళకు వచ్చాడు గదా అని ఊరంతటినీ పిలుస్తారు. ఒక లెక్క చూడండి. దావత్‌కోసం 50,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే, నెలకు వడ్డీ 1,000 రూపాయలు. మళ్ళీ సెలవుకు వచ్చేసరికి, అంటే 24 నెలలకు, వడ్డీయే 24,000 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది. ఆ వడ్డీ కట్టేది సౌదీ ఎండలో పనిచేసే మనిషి, లేదా ఇంట్లో బీడీలు చుట్టే భార్య. అందువల్ల ఎంతమందిని పిలవాలనేది, చేతిలో ఉన్న డబ్బు ఎంతో వారిద్దరూ కూర్చొని లెక్కచూసిన తరువాతే నిర్ణయించాలి.

7.8 సారాంశం

గల్ఫ్ వలసల వల్ల రుద్రంగి ప్రాంతంలో పలు పండుగలు, శుభకార్యాలు ఒకే సెలవులో జరుగుతున్నాయి. మన ఆచారంలోనూ పెత్రమాస, వేములవాడ మొక్కులు వంటి పాత కలయికలు ఉన్నాయి. వాటిలో కార్యాలు పక్కపక్కన ఉంటాయి, ఒకదాన్ని ఒకటి మింగవు. తిథికి కట్టుబడినవాటిని కదల్చకుండా, ముహూర్తం, మొక్కు చూసుకొని, మనుషులకు కట్టుబడినవాటిని కలపాలి. ప్రతి కార్యానికి హక్కుదారు ఎవరో గుర్తించి, ఆ మనిషికి ఒక వేళ విడిగా ఉంచాలి. ఖర్చు తగ్గించుకోవడానికి విందులను కలపండి. మనుషుల వంతులను కలపవద్దు.

7.9 ముఖ్య పదాలు

పెత్రమాస: భాద్రపద అమావాస్య, పెద్దలను తలచుకొనే రోజు.
సద్దులు: బతుకమ్మ చివరి రోజున చేసే పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది వంటివి.
ఒడిబియ్యం: తల్లిగారింట్లో ఆడబిడ్డ ఒడిలో పోసే పసుపు బియ్యం.
అధికమాసం: చాంద్రమానాన్ని సూర్యుని లెక్కతో సరిచేయడానికి చేర్చే నెల.

7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. వేడుకలను కలిపేటప్పుడు చూడవలసిన నాలుగు రకాల కట్టుబాట్లను ఉదాహరణలతో వివరించండి.
2. 'ఈ రోజు ఎవరిది?' అనే ప్రశ్నకు ఉమ్మడి వేడుకలో ఉన్న ప్రాధాన్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. సోమవారం రాజన్న, మంగళవారం పోచమ్మ అనే ఆచారం నుంచి మనం గ్రహించే సూత్రం ఏమిటి?
2. వేడుక అప్పు వలస కుటుంబంపై చూపే ప్రభావాన్ని లెక్కతో వివరించండి.

III. కృత్యం: మీ ఇంట్లో గత అయిదేళ్ళలో కలిపి చేసిన ఒక వేడుకను తీసుకోండి. అందులో ఏయే కార్యాలున్నాయో, ఒక్కొక్కటి ఎవరి రోజో పట్టిక వేయండి. ఆ పట్టికలోని ప్రతి మనిషినీ, వీలైతే ముందుగా ఆడబిడ్డను, ఆనాడు ఏమనిపించిందో అడిగి రాసుకోండి.